మగ్గం గుంటలో గాజుపిల్లలు

నేను మాంటిస్ రొయ్య పిల్లల్ని మంగళగిరిలో మా ఇంటి మగ్గం గుంటలో పెంచిన వేసవిలో మా నాన్న చూపు అప్పటికే పోతూ ఉంది. ఆ సంగతి ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు మా నాన్న, రెండోవారు మా అమ్మ. చూపు తగ్గిందని బయటపడితే నూలిచ్చి నేయించుకునే షావుకారు జరీ అంచు చీరల నేత తన చేతిలోంచి తీసేస్తాడని ఆయన భయం. మగ్గం మీద కూర్చోలేని రోజు వస్తే తను ఏమైపోతాడో ఆలోచించే ధైర్యం ఆయనకు లేదు. అందుకని దాచాడు. నేను భూతద్దం పట్టుకుని ఆవగింజంత జీవాల కళ్ళు చూస్తూ రోజంతా అదే గదిలో కూర్చునేదాన్ని. పక్క మగ్గం మీదున్న మనిషి కళ్ళ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే ముందు కోపమే వస్తుంది, ఏడుపు ఆ తర్వాత.

మాంటిస్ అంటే మన గొల్లభామ. ముందుకాళ్ళు దణ్ణం పెట్టినట్టు మడుచుకుని ఉంటుంది కాబట్టి ఆ పేరు. రొయ్య అంటాం గానీ, రొయ్యలకు ఇది దూరపు చుట్టం మాత్రమే. మడిచిన ఆ కాళ్ళ లోపలివైపు ముళ్ళుంటాయి. కదిలించామా, రెప్పపాటులో విసిరి వేలు చీల్చేస్తుంది. సముద్రం అడుగున బురదలో బొరియ తవ్వుకుని, గుమ్మంలో కళ్ళు మాత్రం బయటపెట్టి కూర్చుంటుంది. మా వైపు దీన్ని తినేవాళ్ళు తక్కువ. బందరు రేవులో వల దులిపినప్పుడు మంచి రొయ్యలు ఒక బుట్టలోకి, చేపలు ఇంకో బుట్టలోకి పోగా, మిగిలిన చెత్తతో పాటు ఒక మూల కుప్పపడేది ఇదే. ఎండబెట్టి కోళ్ళ మేతకు పంపిస్తారు. యూనివర్సిటీలో నేను పరిశోధనకు ఎంచుకున్నది ఆ కుప్పలో జీవాన్ని.

రేవులో చేపలు వేరుచేసే ఒకావిడ నేను ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చోవడం చూసి నవ్వింది.

"మంచియ్యన్నీ ఇటు పక్కన ఉంటే ఆ చెత్త ఏరుకుంటావేంటమ్మాయ్? నాటుమందుకా?"

"మందుక్కాదండీ, చదువుకి."

"దీని మీద కూడా చదువుంటదా," అని పక్కావిడ వైపు చూసింది. ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. నిజం చెప్పొద్దూ, ఆ ఎండలో, ఆ వాసనలో నా మీద నాకే జాలేసింది.

నాకు కావలసింది గుడ్లున్న తల్లి. ఈ జీవం గుడ్లన్నిటినీ జిగురుతో ఒక ముద్దలా అతికించి, ఆ ముద్దను ముందుకాళ్ళ మధ్య పట్టుకుని బొరియలో కూర్చుంటుంది. గుడ్లు పిల్లలయ్యేదాకా తిండి ముట్టదు. ముద్దను అటూ ఇటూ తిప్పుతూ, బూజు పట్టకుండా శుభ్రం చేస్తూ ఉంటుంది. వలలో పడితే కంగారుకు ముద్దను వదిలేస్తుంది. అందుకే గుడ్లు వదలని తల్లి, అదీ ప్రాణంతో దొరకడం గగనం. ఎన్నిసార్లు వెళ్ళి ఖాళీ బకెట్‌తో తిరిగొచ్చానో. ఆ వేసవి మొదట్లో ఒకటి దొరికింది. నన్ను చూసి జాలిపడిన ఆవిడే గట్టు మీద నుంచి పిలిచి, పట్టుకారుతో పట్టుకుని చూపించింది.

మూత ఉన్న బకెట్‌లో సముద్రపు నీళ్ళు పోసి, బ్యాటరీతో గాలి కొట్టే చిన్న మిషను తగిలించి, ఒళ్ళో పెట్టుకుని బెజవాడ బస్సెక్కాను. పక్క సీటాయన బుడబుడ శబ్దం విని కాసేపు ఆగి, ఆగలేక, "టైగరా, వనామీయా అండీ?" అని అడిగాడు. రొయ్యల చెరువుల కృష్ణా జిల్లాలో బకెట్ పట్టుకున్నవాళ్ళను అడిగే ప్రశ్న అదొక్కటే. రెండూ కాదన్నాను. మూత కొంచెం తీసి చూపిస్తే మొహం ముడుచుకుని, "ఇది ఏ చెరువులోనూ పెంచరు గదండీ," అన్నాడు. పామర్రు దాటేదాకా కాళ్ళు పక్కకు పెట్టుకునే కూర్చున్నాడు.

పిల్లల్ని ఇంటికి తేవడానికి కారణం ఉంది. వేసవి సెలవుల్లో మా ల్యాబు సాయంత్రం కాగానే తాళం వేసేస్తారు. కూలర్ చెడిపోయి ఉంది, బాగుచేయించే నాథుడు లేడు. పిల్లలకు పొద్దున్నా సాయంత్రం నీళ్ళు మార్చాలి, మేత వెయ్యాలి. ఎండలకు నీళ్ళు వేడెక్కితే ఒక్కటి మిగలదు. అప్పుడు నాకు మా మగ్గాల గది గుర్తొచ్చింది.

మాది గుంట మగ్గం. నేసేవాళ్ళు నేల మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి దింపి పలకలు తొక్కుతూ, పోగు చుట్టిన నాడెను అటూ ఇటూ విసురుతారు. గదికి మట్టి నేల. దారం పొడిబారి తెగకుండా నేల మీద నీళ్ళు చల్లుతూ ఉంటారు. బయట మంగళగిరి కొండ పెనంలా కాలుతున్నా మా మగ్గాల గదిలో చల్లగా ఉంటుంది. గదిలో రెండు మగ్గాలుండేవి. ఒకదాని మీద మా నాన్న నేసేవాడు. రెండోది మా తాతది. ఆయన పోయాక దాన్ని విప్పేశారు, గుంట మాత్రం మిగిలింది. ఆ గుంటలో నా గాజుసీసాలు పెట్టుకుంటానన్నాను.

"మీ తాత కాళ్ళు పెట్టిన చోట నీచు పెడతావా?" అంది అమ్మ.

"పెట్టుకోనీ. ఖాళీగా పాములకి ఉంచేకంటే నయం గదా," అన్నాడు నాన్న.

తల్లి తిండి తినకుండా గుడ్లు కాస్తుందని చెబితే మా అమ్మ కరిగిపోతుందనుకున్నాను. "తినకుండా కూర్చుంటే పిల్లలు ప్రయోజకులవుతారంటే మేమూ అదే చేసేవాళ్ళం," అని చేట తీసుకుని వెళ్ళిపోయింది. మా అమ్మ రాట్నం మీద నూలు చుడుతుంది, తెగిన పోగులు అతుకుతుంది, నోటితో మాత్రం ఎవర్నీ అతకదు.

మొదటి రోజు జరిగింది ఒకటి ఉంది. ఆ రోజు నేను దాన్ని సరదా అనుకున్నాను. సీసాలు కడిగి, ఒకదానిలో సముద్రపు నీళ్ళు పోసి, గుంటలో ఎంత చల్లగా ఉంటాయో చూద్దామని పెట్టాను. తల్లి ఇంకా బకెట్‌లోనే ఉంది, గుడ్లు ఇంకా పిల్లలు కాలేదు. మా నాన్న మగ్గం మీద కూర్చోబోతూ ఆగి, వంగి, ఆ సీసాలోకి చూశాడు.

"బాగున్నయ్యమ్మా. భలే ఈదుతున్నయ్యే," అన్నాడు.

నాకు నవ్వాగలేదు. "నాన్నా, అందులో ఇంకా ఏం వెయ్యలేదు. ఒట్టి నీళ్ళు."

ఆయనా నవ్వాడు. "అవునా. వేశావనుకున్నాలే," అని కాళ్ళు గుంటలోకి దింపి నాడె అందుకున్నాడు. కూతురి పనిని మెచ్చుకోవాలన్న తొందరలో చూడకుండానే అన్నాడనుకున్నాను. ఆ మాట మా బంధువులందరికీ చెప్పి నవ్వించాను కూడా. అమ్మ ఒక్కతే నవ్వలేదు. అప్పుడే పొయ్యి మీద ఏదో ఉన్నట్టు లోపలికి వెళ్ళింది.

తర్వాత కొన్నాళ్ళకు గుడ్లు పిల్లలయ్యాయి. అప్పుడే పుట్టిన పిల్లలు పైకి రావు. అడుగునే నక్కి, పుట్టుకతో తెచ్చుకున్న పచ్చసొన మీదే బతుకుతాయి. వెలుగు పడితే దూరం జరుగుతాయి. రెండు మూడు సార్లు కుబుసం విడిచాక ఉన్నట్టుండి బుద్ధి మారుతుంది. నిన్నటిదాకా వెలుగంటే దాక్కున్నవి ఇవాళ వెలుగు ఎటుంటే అటు పరిగెడతాయి. సముద్రంలోనైతే ఆ పరుగే వాటిని బొరియలోంచి పైనీళ్ళలోకి తీసుకెళుతుంది. అక్కడ అలలు తీసుకెళ్ళిన చోటికి పోతూ, దొరికింది తింటూ, పదే పదే కుబుసం విడుస్తూ పెరుగుతాయి. చివరికి రూపం మార్చుకుని అడుగుకు దిగి, తల్లిలాగే బొరియ తవ్వుకుంటాయి. మా డిపార్ట్‌మెంటులో ఎవరూ ఈ పిల్లల్ని అడుగుకు దిగేదాకా బతికించలేకపోయారు. "ఆ ఒక్క మెట్టు దాటించావంటే నీ థీసిస్ అయిపోయినట్టే," అన్నారు మా గైడ్ గారు. నేను కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కూర్చున్నది ఆ మెట్టు కోసమే.

ఈ పిల్లలు అచ్చం గాజు. ఒళ్ళంతా పారదర్శకం, ఒంట్లోంచి అవతలి గోడ కనిపిస్తుంది. చేపల కంట పడకుండా ఆ ఏర్పాటు. దాచుకోలేనివి కళ్ళు మాత్రమే, ఎందుకంటే చూడాలంటే కంటిలో రంగు ఉండాలి. అందుకని సీసాలో మనకు కనిపించేవి తేలుతున్న జంట చుక్కలు, అంతే. చూడటానికొచ్చిన ఇరుగుపొరుగు అందరూ ఒట్టి నీళ్ళే గదమ్మా అనేవారు. నేను సీసా వెనక నల్లగుడ్డ పట్టుకుని, టార్చి వేసి, వేలితో చూపిస్తే గాని నమ్మేవారు కాదు. ఊళ్ళో అందరూ కనపడటం లేదంటుంటే మా నాన్న ఒక్కడే రోజూ పొద్దున్నే వంగి చూసి, "ఇవాళ హుషారుగా ఉన్నయ్యి," అనేవాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నేను వాటి గొప్పలు చెప్పేదాన్ని. ఒకరోజు కంటి సంగతి చెప్పాను. పిల్ల కన్ను వేరు, పెద్ద కన్ను వేరు. పిల్ల పెద్దదిగా మారే వేళ పాత కంటి పక్కనే కొత్త కన్ను మొలుస్తుంది. కొంతకాలం రెండూ కలిసి ఉంటాయి. కొత్తది పని అందుకున్నాక పాతది కరిగిపోతుంది. కొత్త కంటితో అది చూసే రంగులు మనం ఊహించుకోనైనా లేమని చెప్పాను.

నాన్న ముద్ద కలపడం ఆపాడు. "అంటే పాతది పోయేలోపే కొత్తది తయారుగా ఉంటదన్నమాట."

"అంతే."

"మనుషులకి ఏ డాక్టరన్నా అట్టా పెట్టగలడా?"

నాకు ఉత్సాహం వచ్చేసింది. జీవపరిణామం దగ్గర మొదలుపెట్టి ఎటెటో వెళ్ళాను. అడిగినవాడు ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో నాకు తట్టలేదు. అమ్మ ఆయన కంచంలో మజ్జిగ పోసి, "తినండి, చల్లారిపోద్ది," అంది. మజ్జిగ అన్నం చల్లారడమేమిటో అప్పుడు నేను అడగలేదు.

పిల్లలు వెలుగు వైపు తిరిగే దశకు వచ్చిన వారం మా గైడ్ గారిని కలవడానికి యూనివర్సిటీకి వెళ్ళాను. సాయంత్రం తిరిగొచ్చి మగ్గాల గదిలో అడుగు పెడితే గదంతా తెల్లగా వెలుగుతోంది. మా నాన్న మగ్గం మీదుగా, బాగా కిందికి, పెద్ద ఎల్‌ఈడీ బల్బు ఒకటి వేలాడుతోంది. దాని వెలుగు ఏటవాలుగా నా గుంటలోకి పడుతోంది. సీసాల దగ్గరికి పరిగెత్తాను. పిల్లలన్నీ బల్బు వైపు గోడకు చేరి ముద్ద కట్టేశాయి. ఈ జాతికి పక్కవాడు దగ్గరికొస్తే వాడే తిండి. పుట్టుకతోనే వేట కాళ్ళు మడుచుకుని తిరిగే జాతి. ఒకదాన్నొకటి పట్టుకు తినేశాయి. అడుగున కాళ్ళు, తోకలు, తెల్లబడిన ముక్కలు పేరుకుపోయి ఉన్నాయి. మిగిలినవి ఒక సీసాకు కూడా చాలవు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరు పెట్టమన్నారు ఈ లైటు? వీటికి వెలుగు తగలకూడదని చెప్పానా లేదా?"

మా నాన్న నాడె పట్టుకునే కూర్చున్నాడు. "తెలవదమ్మా. ఇవాళ మబ్బుగా ఉంటే పెట్టుకున్నా."

అది మే నెల. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. కిటికీలోంచి సాయంత్రం ఎండ ఇంకా నేల మీద పడుతూనే ఉంది. నేను ఆ ఎండను చూశాను, బల్బును చూశాను. అప్పుడు కోపం మధ్యలో ఇంకో సంగతి తగిలింది. బల్బు వెలుగులో దారం రంగు అబద్ధం చెబుతుందని మా నాన్న చిన్నప్పటి నుంచీ మాకు చెప్పిన పాఠం. కరెంటున్నా సరే, పగటి వెలుగు ఉన్నంతసేపే నేసేవాడు, వెలుగు తగ్గగానే లేచిపోయేవాడు. అలాంటి మనిషి ఎండ ఉండగానే బల్బు పెట్టుకున్నాడు.

"నాన్నా, ఎందుకు పెట్టుకున్నావు?" అని మళ్ళీ అడిగాను. ఈసారి నా గొంతు వేరుగా ఉంది. ఆయన మళ్ళీ పలక తొక్కాడు. అమ్మ గుమ్మంలోంచి నన్ను లోపలికి రమ్మని సైగ చేసింది.

వంటింట్లో గోడకానుకుని చెప్పింది. "మీ నాన్నకి పక్కలు కంటికి ఆనటం లేదే. మధ్యలో బాగానే ఆనుతదంట. అంచులే తెలవటం లేదు. జరీ పోగు తెగినా అట్టాగే నేసుకుంటా పోతాడు."

"ఎప్పటి నుంచి?"

"పోయిన దసరా కాడి నుంచి నాకు తెలుసు. అంతకు ముందు నుంచీ ఉందేమో, ఆయనకే తెలవాలి."

"మరి చీరలు? షావుకారు ఏం అనలేదా?"

"మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు నేను కూర్చుని అతుకుతున్నా. కుదరనిచోట విప్పి మళ్ళీ నేస్తన్నా. మీ నాన్నకి తెలుసు. తెలవనట్టు ఉంటాడు. నేనూ తెలవనట్టే ఉంటా. నువ్వు ఆయన్ని ఏం అనబాక."

నేను అన్నాను. ఆయన్ని కాదు, ఆమెను. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఇన్నాళ్ళూ డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళలేదని, ఇద్దరూ కలిసి ఎవరిని మోసం చేస్తున్నారని అడిగాను. అమ్మ అన్నీ విని, "శుక్లాలేమో, ముదిరితే ఆపరేషన్ చేయించొచ్చు అనుకున్నాం," అంది. తర్వాత, "మగ్గం దిగమంటారేమోనని," అంది. ఆ రెండోదే అసలు మాట. ఆ సాయంత్రం నాకు ఖాళీ సీసా ముందు వంగి "భలే ఈదుతున్నయ్యే" అన్న మనిషి మళ్ళీ కనిపించాడు. అప్పుడు ఆయన నన్ను మెచ్చుకోలేదు. కనపడటం లేదన్న మాట తన నోటి నుంచి రాకుండా చూసుకున్నాడు.

బెజవాడలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బస్సు వారధి మీద వెళుతున్నంతసేపూ మా నాన్న కిటికీలోంచి నదిని చూస్తూ, ఇసుక మేటల గురించీ నీళ్ళ గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు బాగానే కనిపిస్తుంది సుమా అని చెప్పడానికే ఆ మాటలన్నీ. అమ్మా నేనూ ఊ కొట్టాం.

అక్కడ ఒక పరీక్ష చేశారు. గిన్నెలా ఉన్న తెల్లటి మిషనులో గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, మధ్యలో వెలుగు చుక్కనే చూస్తూ కూర్చోవాలి. పక్కల ఎక్కడెక్కడో చిన్న చుక్కలు వెలిగి ఆరిపోతుంటాయి. ఏ చుక్క కనిపించినా చేతిలో ఉన్న మీట నొక్కాలి. ఏ చుక్కకు నొక్కలేదో అక్కడ చూపు లేదని మిషను లెక్క. మమ్మల్ని తెర బయట కూర్చోబెట్టారు. లోపల టక్, టక్ అని మీట చప్పుడు మొదలైంది. నాకు ధైర్యం వచ్చింది. అన్నీ కనిపిస్తున్నాయి, పర్వాలేదు అనుకున్నాను. పక్కన అమ్మ మాత్రం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి నాకూ వినిపించింది. ఆ చప్పుడుకు ఒక వరస ఉంది. పలక తొక్కడం, నాడె విసరడం, దువ్వెనతో పోగును బిగించి కొట్టడం, మళ్ళీ పలక తొక్కడం. పుట్టినప్పటి నుంచీ ఆ వరస వింటూ పెరిగినవాళ్ళం మేం. మా నాన్న చుక్కల్ని చూడటం లేదు. మగ్గం నేస్తున్నాడు.

మిషను దగ్గర ఉన్న అమ్మాయి బయటికొచ్చింది. "పెద్దాయన చుక్క లేనప్పుడు కూడా నొక్కేస్తున్నారండీ. ఇలాగైతే రిపోర్టు పనికిరాదు. మీరొకసారి చెప్పండి," అంది.

నేను లోపలికి వెళ్ళాను. మా నాన్న గడ్డం అందులోనే ఆనించి కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, ఇది పాసవ్వాల్సిన పరీక్ష కాదు. కనపడనిది కనపడలేదని చెబితేనే మందిస్తారు."

"కనపళ్ళేదంటే రాసేస్తారు గదమ్మా," అన్నాడు మెల్లగా. "రాసినాక ఇంక ఉంటదా. ఊరంతా తెలుస్తది. మగ్గం దింపేస్తారు."

"మగ్గం సంగతి తర్వాత చూద్దాం. ఉన్న చూపు ఉండాలా వద్దా?"

ఆయన మీట సరిగ్గా పట్టుకున్నాడు, నేను తెర బయటికొచ్చాను. ఆ అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి మీట అప్పుడప్పుడే మోగింది. ఒక టక్ వినిపించాక మళ్ళీ ఇంకోటి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. అంత నిశ్శబ్దం మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ఇంకా నొక్కడేం, ఇప్పుడన్నా నొక్కు అని లోపల్లోపల బతిమాలుకున్నాను. నిజం చెప్పమని నేనే చెప్పి వచ్చాను, ఆ నిజం వినిపిస్తుంటే తట్టుకోలేకపోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

నీటికాసులు అన్నారు డాక్టరు గారు. కంటిలో ఒత్తిడి పెరిగి, లోపలి నరం మెల్లగా చచ్చిపోతుందట. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పక్కల నుంచి చూపు తినేసుకుంటూ మధ్యకు వస్తుందట. పోయింది ఇక రాదు. మిగిలింది నిలవాలంటే జీవితాంతం రోజూ చుక్కల మందు వేసుకోవాలి. దేన్ని చూడాలన్నా కళ్ళొక్కటే తిప్పితే చాలదు, తల మొత్తం అటూ ఇటూ తిప్పి చూడటం అలవాటు చేసుకోమన్నారు. మా నాన్న అన్నిటికీ "అట్టాగేనండీ, అట్టాగేనండీ" అన్నాడు. బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆగి, "ఆ రొయ్యపిల్లకైతే ఇంకోటి మొలిచేది," అన్నాడు. నాకు ఆ క్షణంలో ఆ జీవం మీద, నా చదువు మీద ఎంత అసహ్యమేసిందో చెప్పలేను.

షావుకారుకు నేను చెబుతానంటే వద్దన్నాడు. తనే వెళ్ళి చెప్పొచ్చాడు. అక్కడేం జరిగిందో మాకు పూర్తిగా చెప్పలేదు. తర్వాతి వారం మా ఇంటికి వచ్చిన పడుగు నూలులో జరీ లేదు, అంచు లేదు. డ్రెస్ మెటీరియల్ కోసం నేసే సాదా గుడ్డ. "ఇదే సుఖంలే. పక్కలు చూసుకునే పని లేదు," అన్నాడు నాన్న. మగ్గం మిగిలింది. అయినా ఆయనకు నేసేటప్పుడు కూనిరాగం తీసే అలవాటు ఉండేది, ఆ గుడ్డ మీద అది వినపడలేదు. అమ్మ పొద్దున్నా సాయంత్రం ఆయన తల వెనక్కి వంచి, ఒక చేత్తో రెప్ప లాగి మందు వేసేది. ఒక్క చుక్క బయటికి జారినా తిట్టేది. ఆయన నోరు తెరిచి తిట్లు తినేవాడు.

బల్బు తీసేశాం. మిగిలిన పిల్లల్ని ఒక్కో సీసాలో ఒక్కోదాన్ని పెట్టి పెంచాను. దగ్గరుంటే తినేస్తాయి కాబట్టి విడివిడి కాపురాలు. ఒక్కోటీ పెరిగి చిటికెన వేలి కణుపంత అయ్యాయి. అప్పటికీ గాజే. ఒక్కోటీ ఏదో ఒక కుబుసం దగ్గర ఆగిపోయేది, సగం చర్మంలోంచి బయటికొచ్చి, మిగతా సగంలో ఇరుక్కుని చచ్చిపోయేది. చివరికి ఒకటి మిగిలింది. భూతద్దంలో దాని కన్ను చూశాను. పాత కంటి పక్కన ఇంకో నల్లటి గీత. కొత్త కన్ను మొలిచింది. పుస్తకాల్లో చదివినదాన్ని నా కళ్ళతో చూశాను. ఆ సంతోషం నాన్నకు చెప్పాలని గుంటలోంచి లేచాను కూడా. ఆయన సాదా గుడ్డ నేస్తున్నాడు. మళ్ళీ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున చూస్తే అది అడుగున పడి ఉంది. దిగి బొరియ కోసం వెతుకుతూ కాదు, పక్కకు ఒరిగి. కుబుసం తల దగ్గరే ఆగిపోయింది, పాత కళ్ళూ కొత్త కళ్ళూ లోపలే ఉండిపోయాయి. పట్టుకారుతో తీసి స్పిరిట్ బుడ్డిలో వేసి మూత పెట్టాను. సీసాలో నీళ్ళు పారబొయ్యబుద్ధి కాలేదు. గుంట గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని, మా తాత కూర్చున్నట్టే కూర్చున్నాను. తొలకరి వస్తే అందరూ సంతోషిస్తారు, గుడ్ల కాలం దాటిపోయి నాకు మళ్ళీ గుడ్ల తల్లి దొరికేదాకా ఏడాది పోయినట్టే. మళ్ళీ రేవు చుట్టూ తిరగడం, అయిపోతున్న సెలవులు, గైడ్ గారి మొహం, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి.

మా నాన్న మందు వేయించుకుని, కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. నా పక్కన కూర్చున్నాడు. ఎప్పటిలాగే సీసాలోకి వంగాడు. వంగి ఊరుకోలేదు. డాక్టరు గారు చెప్పినట్టు తల ముందు కుడికి తిప్పాడు, తర్వాత ఎడమకు, మళ్ళీ మధ్యకు. చాలాసేపు చూశాడు.

"నాకేం ఆనటం లేదమ్మా," అన్నాడు. "ఉందా, లేదా?"

ఆ మాట ఆయన నోటి నుంచి వినడం నాకదే మొదటిసారి.

"లేదు నాన్నా. పొద్దున పోయింది. ఒట్టి నీళ్ళు."

"హమ్మయ్య," అన్నాడు.

అన్నాక ఆ మాట ఆయనకే వినపడినట్టుంది. మొహం వాడిపోయింది. నా వైపు తల పూర్తిగా తిప్పి, "అన్నీ పోయినయ్యా తల్లీ?" అని అడిగాడు. నేను తలూపాను. ఊపింది కనిపించిందో లేదోనని, పోయాయి నాన్నా అని పైకి కూడా చెప్పాను. ఆయన చెయ్యి నా చెయ్యి కోసం వచ్చింది. కొంచెం పక్కగా వచ్చి, మట్టి గట్టు మీద తడుముతోంది. నేను నా చెయ్యి అటు జరిపాను.